మక్కకంకి పీచు సారు

జులై 14, 2024, ఆదివారం

కొత్త చెప్పులు కొన్నాను. తొమ్మిదో నంబరు. ముప్పై ఏళ్లుగా ఎనిమిదే వేసుకుంటున్నాను. నకిరేకల్‌లో దుకాణం అతను నా పాదం చూసి, "సారూ, కాలు వాసినట్టున్నది" అన్నాడు. ఈ మధ్య కంపెనీలు కొలతలు తగ్గించేశాయని అతనికి వివరంగా చెప్పాను. అమ్మేవాడు కదా, ఒప్పుకోక ఏం చేస్తాడు!

రూప మాత్రం ఒప్పుకోలేదు. అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచీ తూచీ, మా ఆవిడకు మనిషిని చూడగానే బరువు తెలిసిపోతుంది. "తినుడు తగ్గింది, బరువు పెరిగింది. గదెట్ల?" అంది.

వయసు అన్నాను. యాభై నాలుగు.

జులై 19

బాత్రూంలో నురగ. రూప కొత్తగా తెచ్చిన బాత్రూం కడిగే మందు వల్ల. రెండు రోజులు పోయవద్దని చెప్పాను.

జులై 21

మందు పోయలేదు. నురగ ఉంది. పాతది ఇంకా పోయినట్టు లేదు.

జులై 27

ఇది ఒక చోట రాసి పెట్టుకోవడం మంచిది. ఎనిమిదేళ్లుగా వేసుకుంటున్న బీపీ గోళీలు మార్చిలో మానేశాను. రూపకు తెలియదు. బీపీ గోళీలే కిడ్నీలను తినేస్తాయని ఒక వీడియోలో చెప్పారు. చెప్పినాయన మెడలో స్టెతస్కోపు ఉంది. మోకాళ్లకు నొప్పి గోళీలు మాత్రం రోజుకు రెండు వేసుకుంటున్నాను. వాటి గురించి ఆయన ఏమీ అనలేదు కాబట్టి ఫరవాలేదు.

బీపీ గోళీకి బదులు మక్కకంకి పీచు కషాయం. మొక్కజొన్న కంకి కొసన జుట్టులా వేలాడే పీచు. తడిసిన గోనెసంచి రుచి. నలభై రోజులు తాగితే కిడ్నీ కడిగిన ముత్యం అవుతుందట. నాలుగు నెలలు దాటింది.

నేను ఇరవై ఏడేళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. కేతేపల్లికి వచ్చి తొమ్మిదేళ్లు. మూత్రపిండం రోజుకు నూట ఎనభై లీటర్లు వడపోస్తుందని నాకు తెలుసు. పీచు కషాయం దాన్ని గిన్నె తోమినట్టు తోమదనీ తెలుసు. కానీ తెలిసినవాడు కాస్త జాగ్రత్తగా ఉండడం తప్పు కాదు.

ఆగస్టు 6, మంగళవారం

విసర్జన పాఠం. ఏడాది మొత్తంలో నాకు ఇష్టమైన రోజు. రంగు సుద్దలతో నెఫ్రాన్ వేస్తే పిల్లలు నోరు మూసుకుని చూస్తారు.

లెక్కలు చెప్పే గోపీకృష్ణకు యూట్యూబ్ ఛానెల్ ఉంది. పాఠం వీడియో తీస్తానన్నాడు. ల్యాబ్ నుంచి తెల్లకోటు కూడా తెచ్చాడు. "కోటు వేస్కోండి సార్, వెయిట్ వస్తది." వేసుకున్నాను. గుండీలు పట్టలేదు. ఉతికితే కుంచించుకుపోయినట్టుంది.

చివర్లో మనీష లేచింది. తరగతిలో అందరికంటే తెలివైన పిల్ల. "సార్, మా అవ్వ మక్కకంకి పీసు ఉడకబెట్టి తాగుతది. తాగితే కిడ్నీలు సాఫ్ అయితయట. నిజమేనా?"

రుజువు లేదమ్మా అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ పొద్దున తాగి వచ్చినవాణ్ని, ఎట్లా అనను? "నేను గూడ రోజూ తాగుతున్న. నాకేమైంది? మంచిగనే ఉన్న గద!" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆగస్టు 11, ఆదివారం

మొత్తం పాఠం ముప్పై ఎనిమిది నిమిషాలు. చూసినవాళ్లు అరవై ఒక్కమంది.

అందులోంచి ఎవరో నా చివరి మాట కత్తిరించి వేరేగా పెట్టారు. మనీష ప్రశ్న లేదు. తెల్లకోటులో నేను, వెనక కిడ్నీ బొమ్మ, కింద పెద్ద అక్షరాలు: "ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న కిడ్నీ స్పెషలిస్టు బయటపెట్టిన రహస్యం." రెండు లక్షల మంది చూశారు.

గోపీకి ఫోన్ చేశాను. "నేను స్పెషలిస్టునా?"

"నేను పెట్టలే సార్, ఎవడో కట్ చేసిండు. అయినా కిడ్నీ పాఠం మీరు స్పెషల్‌గనే చెప్తరు గద."

తీసేయమని రాయాలి. ఎవరికి రాయాలో కనుక్కోవాలి. కింద ఒకామె "దేవుడిలా వచ్చారు డాక్టర్ గారూ" అని పెట్టింది. పదకొండుసార్లు చూశాను. ముఖం నిండుగా, ఆరోగ్యంగా కనిపిస్తున్నాను. రేపు రాస్తాను.

ఆగస్టు 12

రేపు.

ఆగస్టు 18, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు మనుషులు. హుజూర్‌నగర్ నుంచి ఐలేశం అనే ఆయన రెండు బస్సులు మారి వచ్చాడు. స్కానింగ్ ఫిల్ము నా చేతిలో పెట్టాడు.

"నేను డాక్టర్ను కాదు. బడిపంతులును" అన్నాను.

"గొప్పోళ్లు గట్లనే అంటరు సారూ" అన్నాడు.

మంచినీళ్లు ఇచ్చి, ఫోన్ నంబరు రాసుకుని, దవాఖానకు పొమ్మని చెప్పి పంపించాం. ఆయన పోయాక చూస్తే ఆయన నిలబడ్డ చోట ప్రహరీగోడ మీద ఒక మూత్రం సీసా, పచ్చ మూతది. సాయంత్రానికి నాలుగయ్యాయి. చీటీలు లేవు, పేర్లు లేవు.

"ఇవి ఏం చేస్తవు?" అంది రూప.

పారబోయడం మర్యాద కాదనిపించింది. వాళ్లు నమ్మకంతో పెట్టి వెళ్లారు.

ఆగస్టు 19

సీసాలు బడి ల్యాబ్‌కు తీసుకెళ్లాను. మూత్రంలో ప్రోటీన్ పోతోందా లేదా చూడడం చాలా తేలిక: పరీక్షనాళికలో పోసి పైభాగం వేడి చేయాలి, నాలుగు చుక్కలు ఎసిటిక్ ఆమ్లం వేయాలి. ప్రోటీన్ ఉంటే తెల్లగా ముద్ద కడుతుంది. ఏ ప్రయోగానికైనా పోల్చి చూడడానికి ఆరోగ్యవంతుడి నమూనా ఒకటి ఉండాలి. పిల్లలకు నేనే చెబుతాను. కాబట్టి నాది కలిపాను.

మూడు తేటగా ఉన్నాయి. పచ్చ మూతది, ఐలేశంది, కొంచెం మసకబారింది. ఆరోగ్యవంతుడి నమూనా ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది.

పోల్చి చూసే నమూనాయే చెడిపోతే ప్రయోగం చెల్లదు. నాళిక సరిగ్గా కడగలేదని అటెండర్ మైసయ్యను కోప్పడ్డాను. పాపం, మూడుసార్లు కడిగాడు. మూడుసార్లూ గడ్డకట్టింది. ఆమ్లం పాతబడింది. కొత్తది కావాలని ఇండెంట్ రాశాను.

ఐలేశానికి ఫోన్ చేసి, మూత్రంలో ప్రోటీన్ ఉందేమోనని అనుమానంగా ఉంది, అశ్రద్ధ చేయకుండా వెంటనే డాక్టర్‌కు చూపించుకొమ్మని గట్టిగా చెప్పాను.

ఆగస్టు 26, సోమవారం

బాలయ్య వచ్చి గేటు దగ్గర కేకలు పెట్టాడు. మా వీధి చివర ఇల్లు, ఊరి బయట రెండెకరాల మక్కచేను. నిన్న మహబూబ్‌నగర్‌లో బిడ్డ ఇంటికి పోయి ఈ పొద్దున వచ్చాడట.

"ఏం సారూ! నా మక్కచేనుకు పుట్టెంటుకలు దీసిండ్రు!"

వెళ్లి చూశాను. నిజమే. రెండెకరాల్లో ఒక్క కంకికి పీచు లేదు. లేత కంకులన్నీ గుండు చేయించుకున్న పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. పుప్పొడి ఆ దారినే లోపలికి పోవాలి. దారే లేకపోతే గింజ లేదు. బాలయ్యకు ఇది పరాగసంపర్కంతో మొదలుపెట్టి వివరించాను.

"నాకు పాఠం గాదు సారూ, జవాబు జెప్పు. నువ్వు టీవీల కూసున్నట్టు కూసోని పీసు తాగున్రి అంటివి. జనం నా చేను మీద పడ్డరు. గింజ లేని కంకి ఎవడు తింటడు? నువ్వు తింటవా?"

తాగమని నేను అనలేదు, తాగుతున్నానని మాత్రమే అన్నాను. ఈ తేడా బాలయ్యకు అర్థం కాలేదు.

ఆగస్టు 30

పీచు కోసం జనం ఇంకా వస్తుంటే బాలయ్య చేను గట్టు మీద బోర్డు పెట్టాడు: "పీసుకు పురుగుమందు కొట్టినం." అది కూడా కషాయంలో కలపాలేమోనని, ఏ మందు కొట్టారో అడిగి, పేరు రాసుకుని వెళ్లారట ఇద్దరు.

సెప్టెంబర్ 2

యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాను. 'మూత్రపిండాల వ్యాధి లక్షణాలు రాయండి. ఐదు మార్కులు.' మనీష రాసింది: మూత్రంలో నురగ. పాదాల వాపు. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు. ఆకలి తగ్గడం, వాంతి వచ్చినట్టుండడం. ఒళ్లంతా దురద. నీరసం. బీపీ పెరగడం. చాలామందికి చివరిదాకా ఏమీ తెలియదు కాబట్టి బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోవాలి.

అక్షరం తప్పు లేదు. ఐదుకు ఐదు వేసి, 'చాలా బాగుంది' అని రాశాను. అన్నిటికీ కలిపి ఒకేచోట టిక్కు పెట్టబోయి ఒక్కోదానికి ఒక్కోటి పెట్టాను. ఎందుకో చేయి ఆగలేదు.

పేపర్లు ఇచ్చేటప్పుడు మనీష నా ముఖం వైపు చూస్తూ నిలబడింది. "సార్, మీ కండ్లు ఉబ్బినట్టున్నయి."

"పేపర్లు దిద్దితే గట్లనే అయితది" అన్నాను.

సెప్టెంబర్ 5, గురువారం

ఉపాధ్యాయ దినోత్సవం. శాలువా కప్పారు. గోపీకృష్ణ మక్కకంకి పీచుతో దండ కట్టించాడు, ఎక్కడ సంపాదించాడో. మెడంతా దురద. నెల రోజులుగా దురద ఉంది కాబట్టి దండను అనడం న్యాయం కాదు.

భోజనం తర్వాత స్టాఫ్ రూం వెనక వాంతి చేసుకున్నాను. పప్పులో నూనె ఎక్కువైంది.

ఆ కత్తిరించిన వీడియోను ఇప్పటికి ఆరు లక్షల మంది చూశారు.

సెప్టెంబర్ 9, సోమవారం

ఈ రోజుది రాసి తీరాలి.

బడికి బయలుదేరుతుంటే గేటు ముందు ఆటో ఆగింది. మంజులత అనే ఆమె దిగింది. పక్క ఊరు, ముప్పై ఏళ్లుంటాయి. లోపల వాళ్లమ్మ నర్సింగమ్మ ఒళ్లంతా నీరు పట్టి, పడుకోలేక, ముందుకు వంగి కూర్చుని ఎగపోస్తోంది.

"మా అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్ అయితుండె సారూ. నీ వీడియో జూసి బందు పెట్టింది. పన్నెండు రోజులాయె. దవాఖానకు పోదాం రాయే అంటే, సారు దగ్గరికైతేనే వస్త అంటది."

నర్సింగమ్మ నన్ను చూసి నవ్వింది. నా చేయి పట్టుకుంది. "పీసు... ఒక్క పూట గూడ... తప్పలె సారూ" అంది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి.

ఆమె కాళ్లు చూశాను. ఆటో అంచు ఒత్తుకున్న చోట వేలితో నొక్కినట్టు గుంట పడి ఉంది. నా కాళ్లు చూడలేదు. చూడక్కర్లేదు.

"ఇప్పుడే నల్లగొండ దవాఖానకు పోవాలె. నేను గూడ వస్త" అన్నాను. సారు వస్తున్నాడని నర్సింగమ్మ మారు మాట్లాడలేదు. దారిపొడుగునా చేయి వదల్లేదు.

దవాఖాన మెట్ల మీద సగంలో నాకు ఊపిరి అందలేదు. గోడ పట్టుకున్నాను. పైన నర్సు అడిగింది, "పేషెంట్ ఎవరు?" మంజులత వాళ్లమ్మను చూపించింది. నర్సు అటు చూసింది, నా వైపు చూసింది, రెండో చక్రాల కుర్చీ కూడా తెచ్చింది.

బీపీ 210/120. యంత్రం పాడైందేమోనన్నాను. వేరే యంత్రం తెచ్చారు. 214.

సెప్టెంబర్ 11

నర్సింగమ్మ బతికింది. రెండు రోజులూ డయాలసిస్ చేశారు. కొలుచుకుని నీళ్లు తాగాల్సిన మనిషి రోజుకు మూడు చెంబుల కషాయం తాగింది. ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరిందట. ఇంకో రోజు ఆగితే దక్కేది కాదన్నారు.

నా రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్ 3.4. ఉండాల్సింది 1.2 లోపు. డాక్టర్ సుచరిత, నా దగ్గర చదివిన పిల్లల వయసు.

"ఏం చేస్తరు?"

"టీచర్ను."

"ఏ సబ్జెక్ట్?"

చెప్పాను. ఆమె రిపోర్టును మళ్లీ మొదటి నుంచి చదివింది.

"రెండు కిడ్నీలు కలిపి ఇరవై శాతం పని చేస్తున్నయి సార్. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం. నొప్పి గోళీలు ఎన్నాళ్ల నుంచి? అవి ఈ రోజుతో బంద్. బీపీ గోళీలు ఎందుకు మానేసిన్రు?"

"వీడియోలో చెప్పారు."

"ఎవరు?"

"మెడలో స్టెతస్కోపు ఉంది."

ఆమె తన మెడలోది తీసి నా మెడలో వేసింది. "ఇప్పుడు మీరు డాక్టర్ అయిన్రా?"

లేదన్నాను.

"గోళీలు మానేయమన్నోళ్లు మీ రక్తపరీక్ష ఒక్కటన్న చూసిన్రా? చూడకుండ అందరికీ ఒకటే మందు చెప్పేటోళ్లను నమ్మొద్దు. గదొక్కటి గుర్తు పెట్టుకోండి."

అప్పుడే వార్డులో పనిచేసే వెంకటేశ్ తలుపు తీసి, "సారూ, మీరు కిడ్నీ స్పెషలిస్టు గద! ఒక్క సెల్ఫీ" అన్నాడు. ఫోన్లో వీడియో కూడా చూపించాడు. డాక్టర్ సుచరిత చివరిదాకా చూసింది. నన్ను చూసింది. తర్వాత నా చీటీ మీద గోళీల పేర్లన్నీ ఇంకా పెద్ద అక్షరాలతో మళ్లీ రాసింది.

స్టెతస్కోపు తిరిగి ఇవ్వడం మర్చిపోయాను. వెంకటేశ్ ఫొటోలో నా మెడలోనే ఉంది.

సెప్టెంబర్ 12

రూప వరండాలో ఏడ్చింది. నా ముందు ఏడవలేదు. "నురగకు నా బాత్రూం మందును తిడితివి" అని మాత్రం అంది.

మంజులత నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండు.

సెప్టెంబర్ 22, ఆదివారం

కొత్త వీడియో తీశాం. కోటు వేసుకోలేదు. నా పేరు ప్రేమ్‌సాగర్, బడిపంతులును, డాక్టర్ను కాను అని మొదలుపెట్టాను. నా రిపోర్టు చూపించాను. గోళీలు నాకు నేనే మానేశానని, పీచు కషాయం నన్ను కాపాడలేదని, ఒక మనిషి చావు దాకా వెళ్లిందని, ఎవరూ డాక్టర్ను అడగకుండా డయాలసిస్ మానవద్దని చెప్పాను. గోపీకృష్ణ కళ్లు తుడుచుకున్నాడు.

అక్టోబర్ 6

కొత్త వీడియో చూసినవాళ్లు 214 మంది. నా బీపీ అంత.

కింద రాశారు: "మందుల కంపెనీకి అమ్ముడుపోయాడు." "అసలు డాక్టర్ గారిని దాచేసి ఎవరో బక్కోణ్ని తెచ్చారు. ముఖం చూడండి." దీనికి నలభై లైకులు.

పాతది తొమ్మిది లక్షలు. ఫిర్యాదు చేస్తే ఒకచోట తీసేశారు. నాలుగుచోట్ల కొత్తగా వచ్చింది.

అక్టోబర్ 13

ఒంట్లో నీరు దిగి తొమ్మిది కిలోలు తగ్గాను. ఉప్పు లేని కూర అలవాటవుతోంది. కావడం లేదు. రూప చూడకుండా ఆవకాయ సీసా వాసన చూశాను. అంతే, చూశాను.

పొద్దున బాలయ్య దగ్గరికి పోయి, తప్పు నాదే అన్నాను. బోడి కంకులు బర్రెలకు కోస్తున్నాడు. పని ఆపకుండా, "నీ పానం ఎట్లున్నది సారూ?" అన్నాడు. చెప్పాను. కొడవలి పక్కన పెట్టి, గట్టు మీద నాకు జాగా చూపించాడు. చాలాసేపు కూర్చున్నాం.

అక్టోబర్ 21, సోమవారం

నల్లగొండలో రక్తపరీక్ష. క్రియాటినిన్ 3.1. డయాలసిస్ అవసరం ఇప్పట్లో రాకపోవచ్చని డాక్టర్ సుచరిత అన్నది. వస్తే అప్పుడు చూద్దామంది.

బయటికి వస్తుంటే డయాలసిస్ గది ముందు బెంచీ మీద నర్సింగమ్మ. తేరుకుంది. మంజులత చీటీ కోసం వెళ్లిందట. పక్కన కూర్చుని, ఎట్లున్నవమ్మా అన్నాను.

"మంచిగున్న బిడ్డా. పీసు సారు దయ. దవాఖానోళ్లు తమ గొప్ప అనుకుంటున్నరు గాని, నేను బతికింది పీసుతోని. గీ గురువారం నుంచి మల్ల బందు పెడత ఈ మిషినికి. మా మంజులకు జెప్పలె, లొల్లి జేస్తది."

"అమ్మా, ఆ పీసు సారును నేనే. నేను చెప్పింది తప్పు."

ఆమె కళ్లు చిట్లించి చూసింది. నవ్వొచ్చింది ఆమెకు. కొంగు ముడిలోంచి ఫోన్ తీసి, నా బొమ్మను నా చెంప పక్కన పెట్టి చూసింది. "గా సారు మొఖం జూడు, పున్నమి చందమామ లెక్క నిండుగున్నది. నీ మొఖం జూడు, ఎండిన దోసకాయ."

"అది వాపు అమ్మా. రోగం."

"నీకేం రోగం రా కొడుకా, గంత పెద్దాయనకు రోగమంటవ్!"

బడి గుర్తింపు కార్డు చూపించాను. చదువు రాదంది. రిపోర్టు చూపించాను. దాన్ని తిప్పి చూసి, నా మోకాలి మీద చేయి వేసింది. "అయ్యో, నీకు గూడ కిడ్నీలు ఖరాబైనయా? పానం ఎట్లనో చేసుకోకు. గా సారు చెప్పిన పీసు తాగు. బాగైతది."

లోపల యంత్రాలు కూతపెడుతున్నాయి. మంజులత ఇంకా రాలేదు. నా జీవితంలో ఏ పిల్లవాడికీ తెలిసి అబద్ధం చెప్పలేదు.

"అమ్మా, గా సారు మా బడిలనే పని చేస్తడు" అన్నాను.

ఆమె నిటారుగా కూర్చుంది. "నిజంగనా?"

"నిన్ననే కలిసిండు. దవాఖానకు పోతున్న అంటే నీ సంగతి జెప్పిండు. డయాలసిస్ ఒక్కటి గూడ తప్పొద్దన్నడు. గురువారం తప్పకుండ పొమ్మన్నడు. పీసు ఇగ బందు పెట్టమన్నడు. నీళ్లు డాక్టరమ్మ చెప్పినన్నే తాగమన్నడు."

"నా పేరు జెప్పిండా?"

"పేరు పెట్టి జెప్పిండు. నర్సింగమ్మ అన్నడు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "గంత పెద్ద మనిషి నన్ను యాదుంచుకున్నడు. గట్లనే పోత బిడ్డా. సారు మాట కాదంటనా?"

అక్టోబర్ 24, గురువారం

మంజులతకు ఫోన్ చేశాను. ఏడింటికే వచ్చి వాళ్లమ్మ బెంచీ మీద కూర్చుందట. ఇంట్లో ఉన్న పీచంతా బర్రెకు వేసిందట.

"సారుకు దండాలు జెప్పమన్నది" అంది మంజులత. సోమవారమే ఆమెకు అంతా చెప్పాను. గొంతులో నవ్వు కూడా వినిపించింది.

చెప్తానన్నాను.